టూరుకు ముందు లేపాక్షి, కైవారం

డిసెంబరు వస్తే మన బడుల్లో టూరు మాట మొదలు. మైసూరు, కాదంటే బెంగళూరు వాటర్ పార్కు. ఈ విషయంలో తల్లిదండ్రులతో మేము కొంచెం పేచీ పెట్టుకోక తప్పదు.

బాగేపల్లిలో బస్సెక్కి కొడికొండ చెక్‌పోస్టు దాటితే గంటలోపే లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం. వేలాడే స్తంభం కింద పిల్లలు తువ్వాలు దూర్చి చూస్తారు, చూడనివ్వండి. తర్వాత శాసనాల దగ్గరికి తీసుకెళ్లాలి. ఆంధ్రలో ఉన్న ఆ గుడిలో శాసనాలు చాలావరకు కన్నడంలో ఉన్నాయి. ఇటు కన్నడ గడ్డమీద, చింతామణి పక్కనే కైవారంలో, గాజుల మలారం మోసిన తాతయ్య నారేయణ యతీంద్రులు తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మన పిల్లలకు అదొక లోటని ఎవరో నూరిపోశారు. ‘ఇక్కడ తెలుగు చదివి ఏం లాభం?’ అని అడ్మిషన్ల వేళ అడిగేవారికి మేము ఎంత చెప్పినా చెవికెక్కదు. ఈ రెండు ఊళ్లూ చూసొచ్చిన పిల్లలు చెబితే వింటారు.

వాటర్ పార్కు టికెట్ల డబ్బు మిగులుతుంది కూడా. వచ్చే ఎస్‌డీఎంసీ సమావేశంలో ఈ మాట పెడుతున్నాం. తల్లిదండ్రులూ రండి, బస్సులో సీట్లుంటాయి.