భూపాలపల్లి గాలి లెక్క చెప్పండి

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి,

మా భూపాలపల్లి దగ్గరి చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, చుట్టూ సింగరేణి గనులు. బొగ్గు తవ్వేచోట, మోసే దారిలో, కాల్చేచోట లేచే ధూళిని పీల్చేది మేమే.

ముతక దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది. 2.5 మైక్రాన్లకన్నా చిన్న కణాలు ఊపిరితిత్తుల లోతుకు వెళ్తాయి. వాటిలో అతి సూక్ష్మమైనవి రక్తంలోనూ కలుస్తాయి. ఆస్తమాను ముదరబెడతాయి, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతాయి. క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే తేల్చింది. ఘనపు మీటరు గాలిలో ఇవి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశ పరిమితి 40. అందుకే కాలుష్యం పరిమితి లోపలే ఉందన్న మాట మాకు ధీమా ఇవ్వదు.

మా విన్నపాలు మూడు. ఈ సూక్ష్మ కణాలను రాత్రింబవళ్లు కొలిచి, ఆ అంకెలను రోజూ తెలుగులో ఊరి కూడళ్లలో పెట్టించండి. టార్పాలిన్ కప్పని బొగ్గు, బూడిద లారీలను కదలనివ్వకండి. బడిపిల్లలకు, కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు చేయించమని వైద్య ఆరోగ్య శాఖను కోరండి.

కాలుష్యం లేని గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. రాష్ట్రానికి కరెంటు ఇచ్చే ఊరికీ ఆ హక్కు దక్కాలి.

ఇట్లు,
భూపాలపల్లి పౌరుడు