సంఘంలో తగిలిన గాయానికి ఫోన్‌లో కౌన్సెలింగా?

ఈ మధ్య మన యువతీయువకుల నుంచి ఒకే ప్రశ్న నాకు పదే పదే వస్తోంది. "అయ్యగారూ, ఆన్‌లైన్‌లో థెరపీ మొదలుపెడదామనుకుంటున్నాను. అది అవిశ్వాసం అవుతుందా?" అడిగేవాళ్ళలో బెంగళూరులో నర్సింగ్ చదువుతున్నవాళ్ళున్నారు, చెన్నైలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళున్నారు, ముంబైలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలున్నారు. దెబ్బ ఎక్కడ తగిలిందమ్మా అని అడిగితే మాత్రం కాసేపు మాట రాదు. తగిలింది చర్చిలోనే.

నా జవాబు ముందే చెప్పేస్తాను. అవిశ్వాసం కాదు. మొదలుపెట్టండి. ఎందుకు అలా అంటున్నానో, ఎలా మొదలుపెట్టాలో ఇప్పుడు చెబుతాను.

మతం వల్ల మనసుకు తగిలే గాయం అంటే పాస్టరుగారు ఒకసారి కోప్పడ్డారని చిన్నబుచ్చుకోవడం కాదు. పదేళ్ళ వయసులో నరకం గురించిన సినిమా చూసిన పిల్ల, పాతికేళ్ళు వచ్చాక కూడా అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తుంది. ఇంట్లోవాళ్ళంతా ఎత్తబడిపోయారేమో, తానొక్కతే మిగిలిపోయిందేమో అని పక్క గదిలో అమ్మ ఊపిరి వినబడుతోందా అని చెవి ఒగ్గుతుంది. అదీ గాయమంటే. జ్వరం తగ్గకపోతే విశ్వాసం లేదన్నారు, పరీక్ష పోతే రహస్య పాపం ఉందన్నారు, దిగులుతో మంచం పడితే దయ్యం పట్టిందని ముగ్గురు కలిసి తల మీద చేతులు అదిమి కేకలు వేశారు. ఒక అబ్బాయిని ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబెట్టి ఒప్పుకోలు చెప్పించారు. ఇంకొక ఇంట్లో, పిల్ల ప్రేమించినవాడి కులం తెలిశాక బల్లకు దూరం పెట్టారు. క్రీస్తులో కులం లేదని ప్రసంగించిన నోటితోనే! సేవకుడి మీద నోరెత్తితే శాపం తగులుతుందని బెదిరించి ఆడపిల్లల నోళ్ళు మూయించిన సంగతులు మనలో ఎంతమందికి తెలియవు? కీబోర్డు మీద ఆరాధన పాట మొదలవగానే అరచేతులకు చెమటలు పట్టేవాళ్ళు మన బెంచీల మీద కూర్చునే ఉన్నారు.

అమెరికా మనస్తత్వవేత్త మార్లీన్ వినెల్ 2011లో దీన్ని 'రిలీజియస్ ట్రామా సిండ్రోమ్' అన్నారు. ఆమె కూడా మిషనరీల బిడ్డే. ఇది వైద్యుల పుస్తకాల్లో ఒక జబ్బుగా నమోదు కాలేదు, ఆ మాట దాచకూడదు. అయితే అమెరికా సైకియాట్రిస్టుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎంలో 1994 నుంచే 'మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య' అని ఒక పద్దు ఉంది. అది జబ్బు కాదు గానీ వైద్యుడు శ్రద్ధగా చూడవలసిన విషయమని దాని అర్థం. పేరు ఏది పెట్టినా, నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఉత్తినే ఏడుపు రావడం, తానొక పురుగునని అనిపించడం లాంటి బాధలకు చికిత్స ఉంది.

ఇక్కడ మనలోని ఒక అలవాటు గురించి చెప్పాలి. బయటివాళ్ళు మనల్ని గాయపరిస్తే మనం బాగానే మాట్లాడతాం. 2008లో కంధమాల్‌లో జరిగినదాన్ని ఒడిశా తెలుగు సంఘాలు ఇప్పటికీ ప్రార్థనలో తలచుకుంటాయి, తలచుకోవాలి కూడా. అక్కడ ఇల్లు కాలినవాళ్ళ మనసుకు గాయమైందంటే ఎవరూ కాదనరు. అదే గాయం మన సొంత సంఘంలో మన సొంత పిల్లకు మన చేతుల మీదుగా అయితే మాత్రం "సాతాను శోధన", "లోక ప్రభావం", "ఫోన్లు చూసి చెడిపోతున్నారు" అంటాం. బయటివాడి కర్ర మాత్రమే దెబ్బ కొడుతుందా?

ఆంధ్ర, తెలంగాణలో ఉన్నవాళ్ళకన్నా మనకు ఆన్‌లైన్ ఎందుకు ఎక్కువ అవసరమో కూడా ఆలోచించండి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, ధారావిలో, బరంపురంలో, రాయగడలో తెలుగు చర్చి అంటే ఆరాధన స్థలం మాత్రమే కాదు. తాతల నాటి నుంచి అమ్మ భాష మిగిలిన చోటు అది. పెళ్ళి సంబంధం అక్కడే కుదురుతుంది, ఉద్యోగం సంగతి అక్కడే తెలుస్తుంది, చావు వస్తే పాడె మోసేది వాళ్ళే. యానాం లాంటి చిన్న ఊళ్ళో అయితే సాయంత్రానికల్లా అందరికీ అన్నీ తెలుస్తాయి. అలాంటి చోట గాయపడ్డ పిల్ల "ఇంకో చర్చికి పోతే సరి" అనుకోవడానికి లేదు. పోతే దేవుణ్ణి కాదు, పెద్దమ్మను, చిన్నాన్నను, భాషను, వీధిని కలిపి పోగొట్టుకుంటుంది. ఊళ్ళోనే ఉన్న కౌన్సెలర్ దగ్గరికి వెళదామంటే ఆ కౌన్సెలర్ భాష కన్నడమో మరాఠీనో ఒడియానో అవుతుంది. వ్యవహారం ఆ భాషలో నడుస్తుంది గానీ, చిన్నప్పుడు తెలుగులో తిన్న తిట్టును తెలుగులోనే చెప్పుకోవాలి. లేదా ఆ కౌన్సెలర్ మన సంఘ పెద్దగారి బంధువే అవుతారు. వందల మైళ్ళ దూరంలో, మన ముఖం ఎరగని, మన భాష తెలిసిన ఒక మనిషి తెర మీద కనిపించడం మనకు చిన్న మేలు కాదు.

"మరి పాస్టరు ఉన్నాడు కదా, ప్రార్థన ఉంది కదా" అంటారు పెద్దలు. ప్రార్థన ఉంది, చేస్తాను. కానీ కౌన్సెలింగ్ గురించి థియాలజీ కాలేజీలో మాకు నేర్పేది ఒకటి రెండు సబ్జెక్టులు. దానితో ట్రామాకు చికిత్స చేయలేం. ఇంకొకటి, గాయం చేసింది పాస్టరు కుర్చీ అయినప్పుడు అదే కుర్చీలో కూర్చున్న ఇంకొకరి ముందు ఆ పిల్ల నిజం ఎలా చెబుతుంది? నేనెంత మంచివాణ్ణయినా నా మెడలోని కాలరు ఆమెకు ముందు కనిపిస్తుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయం మళ్ళీ చదవండి. ఆ గుడ్డివాడు చూపు వచ్చిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పినందుకు మత పెద్దలు అతణ్ణి వెలివేశారు. కన్న తల్లిదండ్రులే వెలి భయంతో, వాణ్ణే అడగండని తప్పుకున్నారు. ఇది మన ఇళ్ళలో జరగనిదా? ఆ తర్వాత జరిగినదాన్ని మనం గబగబా దాటేస్తాం. వెలివేశారని విన్న యేసు తానే అతణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. వెళ్ళి, సమాజమందిరానికి తిరిగి వెళ్ళి క్షమాపణ అడగమని చెప్పలేదు.

ఇక పని సంగతి. కౌన్సెలర్ అనే బోర్డు మన దేశంలో ఎవరైనా పెట్టుకోవచ్చు. రెండు రోజుల సెమినార్ సర్టిఫికెట్‌తో 'బైబిల్ కౌన్సెలర్' అయినవాళ్ళు నాకే అరడజను మంది తెలుసు. కాబట్టి చదువు అడగండి, మొహమాటం వద్దు. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగి సరిచూసుకోవచ్చు. మందులు రాయవలసి వస్తే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాలి. చిత్తూరు వైపు నుంచి, తమిళనాడు తెలుగు ఇళ్ళ నుంచి మనవాళ్ళు తరతరాలుగా వెల్లూరు సీఎంసీకి వెళుతున్నారు కదా. అదే ఆసుపత్రికి బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ఉందని చాలామందికి గుర్తుండదు. మిషనరీలు కట్టిన ఆసుపత్రే మనసుకు మందు ఇస్తుంటే, మనసుకు మందు అవిశ్వాసమని మనం ప్రసంగిస్తున్నాం!

మొదటి మాటల్లోనే థెరపిస్టును రెండు ప్రశ్నలు అడగండి. మతం వల్ల గాయపడ్డవాళ్ళతో ఇంతకుముందు పనిచేశారా? నేను విశ్వాసంలో ఉండాలో వదలాలో నాకే వదిలేస్తారా? నమ్మకం వదిలేస్తేనే బాగుపడతావనే థెరపిస్టు వద్దు, తిరిగి చర్చికి తోలడమే తన పని అనుకునే థెరపిస్టు అసలే వద్దు. క్రైస్తవులే అయి ఉండాలన్న పట్టు కూడా వదిలేయండి. చెవి పెట్టి వినేవాళ్ళు కావాలి. అయితే కులం సంగతి తెలియని థెరపిస్టుకు మన కథ సగమే అర్థమవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అందుకే మన పిల్లల్లో ఎంతోమంది కాలేజీలో ఒక పేరుతో, చర్చిలో ఒక పేరుతో బతుకుతున్నారు. ఆదివారం పూట "మనుషుల ముందు ప్రభువును ఎరగనన్నావు" అని పులపిట మీద నుంచి దెప్పితే ఆ పిల్లవాడి కడుపులో ఏం జరుగుతుందో ఢిల్లీ థెరపిస్టుకు విడమరచి చెప్పవలసి రావచ్చు. ఒకసారి చెప్పండి. చెప్పాక కూడా అర్థం చేసుకోకపోతే మార్చేయండి. థెరపిస్టును మార్చడం పాపం కాదు.

ఈ రెండు పేర్ల సంగతి థెరపీలో చెబితే బయటికి పొక్కుతుందేమోనని కొందరి భయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ చికిత్స పొందేవారి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ఎవరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, అలాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. మీ మాటలు రాసి ఉంచుతారా, రికార్డు చేస్తారా అని మొదటిరోజే అడగండి. అదే చట్టం 3వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. తన సమాజంలోని మత విశ్వాసాలకు ఒదగలేదన్న కారణంతో మనిషికి మానసిక రోగమని ముద్ర వేయకూడదు. ప్రశ్నలు వేసే పిల్లను పిచ్చిదన్న పెద్దలు ఈ సెక్షన్ చదివితే బాగుండును.

ఇల్లు ఇరుకైతే ఏం చేయాలి? ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డాబా మీదికి వెళ్ళండి, పార్కులో బెంచీ మీద కూర్చోండి, ఇంట్లో జనం ఉంటే చాట్‌లో రాయండి. మొదటి రెండు మూడు సెషన్ల తర్వాత బాధ ఎక్కువైనట్టు అనిపించవచ్చు, కప్పిపెట్టిన పుండు తెరిచారు కాబట్టి. ఆ సంగతి కూడా థెరపిస్టుకే చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు తమ్ముడూ, ఆగొద్దు చెల్లీ. 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఒక హెచ్చరిక పెద్దలకు. థెరపీ ఇప్పించాం కదా, ఇక ఊరుకోమని అనడానికి వీల్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండని బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరైనా, సంఘ పెద్దయినా, థెరపిస్టయినా అంతే. "సంఘం పరువు", "లోపలే పరిష్కరించుకుందాం" అనే మాటలకు ఆ చట్టంలో చోటు లేదు. మనసుకు చికిత్స ఒక పని, న్యాయం ఇంకో పని. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టే సంఘాలను నేను చూస్తున్నాను.

చివరిగా డబ్బు. ఒక్కో సెషన్‌కు వెయ్యి, పదిహేను వందలు అడిగేవాళ్ళే ఎక్కువ. గాయం చేసిన సంఘం సౌండ్ బాక్సులకు లక్షలు పెడుతుంటే, గాయపడ్డ పిల్ల హాస్టల్ ఖర్చులో కోసుకుని థెరపీకి కడుతోంది. నా అభిప్రాయం ఏమంటే, ప్రతి తెలుగు సంఘం తన కానుకల్లోంచి ఏటా కొంత దీనికి తీసి ఉంచాలి. చిన్న సంఘాలైతే నాలుగైదు కలిసి ఒక నిధి పెట్టుకోవచ్చు. దాన్ని తమ పాస్టర్ల చేతిలో కాకుండా ఆ సంఘాలతో సంబంధం లేని ఒక స్త్రీ చేతిలో పెట్టాలి. నర్సో, టీచరో, ఎవరైనా సరే. సాయం కావాలంటే పాస్టరుగారి ఉత్తరం తేవాలన్న షరతు పెడితే ఆ నిధి మొదటిరోజే చచ్చినట్టు. ఏం జరిగిందని అడగకూడదు, ఎవరు చేశారని అడగకూడదు. థెరపిస్టు ఇచ్చిన రసీదు చాలు. దాని మీద పేరు బదులు ఒక నంబరు ఉన్నా ఆడిట్‌కు సరిపోతుంది.