స్లైడులో లేని కొండ

పోయిన నెల మా ఆఫీసులో రెండు రోజుల ట్రైనింగ్ పడింది. పేరు ఏదో పెద్దదే పెట్టారు గానీ సారాంశం మనందరికీ తెలిసిందే: ఇంకా ఎక్కువ పని చెయ్యండి, కాస్త నవ్వుతూ చెయ్యండి. భోజనాలయ్యాక, సగం మంది కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్న టైములో, ట్రైనర్ గారు ఒక స్లైడు వేశారు. మంచుకొండ మీద జెండా పట్టుకున్న మనిషి. కింద పెద్ద అక్షరాలతో "172 రోజులు, 7 ఖండాలు, 7 శిఖరాలు". దాని కింద "మీ హద్దులు మీరు పెట్టుకున్నవే". ఈయన మనలాగే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మన తెలుగువాడు అన్నారు. చప్పట్లు. తర్వాతి స్లైడు.

ఆ మనిషి మల్లి మస్తాన్ బాబు.

టీ బ్రేకులో నా పక్కనున్న కుర్రాడు, మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉంటుందేమో, "అన్నా, ఈయన ఇప్పుడేం చేస్తున్నాడు?" అనడిగాడు. చనిపోయాడని చెప్పాను. "అయ్యో, ఎలా?" అన్నాడు. కొండ మీదే, అన్నాను. వాడు కాసేపు టీ కప్పు వంకే చూసి, "మరి చెప్పలేదే?" అన్నాడు.

ఆ "మరి చెప్పలేదే" అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ టపా.

ముందే చెప్పేస్తున్నాను, ఆయన నాకు స్నేహితుడు కాదు. ఒక్కసారి కూడా కలవలేదు. మాది అనంతపురం జిల్లా, ఆయనది నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జన సంఘం అనే చిన్న పల్లె. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికమల్లా పెన్నానది. మా దగ్గర అది ఇసకగా కనిపిస్తుంది, వాళ్ళ దగ్గరికి చేరేసరికి నీళ్ళుగా కనిపిస్తుంది :) అయినా 2015లో ఆయన కనపడకుండా పోయిన ఆ పది రోజులూ నేను ఆఫీసులో రోజుకి పదిసార్లు వార్తలు చూశాను. ఎందుకంటే ఆయన మనవాడు. తొంభైల చివర్లో ఐఐటి ఖరగ్‌పూర్‌లో ఎంటెక్ చేసి, సత్యం కంప్యూటర్స్‌లో చేరి, మనలాగే క్యూబికల్లో కూర్చున్నవాడు. తర్వాత ఐఐఎం కలకత్తాలో చదివాడు. అక్కణ్ణుంచి మిగతావాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళారు, ఆయన కొండలకు వెళ్ళాడు. (ఆయన పనిచేసిన ఆ సత్యం పేరు కూడా ఇప్పుడు లేదు. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. కొత్త పిల్లలకి అదొక కేస్ స్టడీ, అంతే.)

స్లైడులో ఉన్నది అబద్ధమా అంటే, కాదు. 2006 జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలో దెనాలీతో ముగించాడు. లెక్కపెట్టుకోండి, సరిగ్గా 172 రోజులు. ఇంకో తమాషా ఉంది. ఏడు కొండలూ వారంలో ఏడు వేర్వేరు రోజుల్లో ఎక్కాడు. మొదట చదివినప్పుడు నమ్మక క్యాలెండర్ తీసి చూశాను. విన్సన్ గురువారం, అకాంకాగువా శుక్రవారం, కిలిమంజారో బుధవారం, ఆస్ట్రేలియాలో కోషియస్కో శనివారం, ఎవరెస్ట్ ఆదివారం, ఎల్‌బ్రుస్ మంగళవారం, దెనాలీ సోమవారం. మంచుతుఫానులు, వీసాలు, విమానాలు, స్పాన్సర్లు ఇవన్నీ పెట్టుకుని ఇలా కుదిరించాడంటే ఎంత ప్లానింగ్ ఉండాలి! మన ప్రాజెక్టుల్లో ఒక్క రిలీజు డేటు నిలబెట్టుకోలేక ఎన్ని మెయిళ్ళు రాస్తామో మనకి తెలుసు కదా.

అయితే ఆ స్లైడు 2006 జులై 10 దగ్గర ఆగిపోతుంది. ఆయన ఆగలేదు. ఇంకా తొమ్మిదేళ్ళు ఎక్కాడు.

2015 మార్చిలో ఆయన అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఉన్న సెర్రో ట్రెస్ క్రూసెస్ సుర్ అనే కొండ దగ్గరున్నాడు. ఎత్తు 6,748 మీటర్లు. మార్చి 24న ఒంటరిగా పైకి బయల్దేరాడు. ఆ తర్వాత కబురు లేదు.

ఇక్కడ మా అనంతపురం వాళ్ళకి బాగా తగిలే సంగతి ఒకటుంది. ఆ కొండ చిలీ వైపు అటకామా ప్రాంతంలోకి వస్తుంది. ప్రపంచంలోకెల్లా ఎండిన ఎడారి అది. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అని ఏడుస్తుంటాం, అక్కడ కొన్ని చోట్ల ఏళ్ళ తరబడి చినుకే ఉండదు. అలాంటి చోట సరిగ్గా ఆ రోజుల్లోనే, మార్చి 24 నుంచి 26 దాకా, ఏళ్ళకి సరిపడా వాన ఒకటి రెండు రోజుల్లో కురిసింది. కోపియాపో లాంటి ఊళ్ళు బురదలో మునిగాయి, మనుషులు కొట్టుకుపోయారు. కింద ఎడారిలోనే అలా ఉంటే ఆరువేల మీటర్ల పైన ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. వాన కోసం ఆకాశం కేసి చూసే ఊళ్ళో పుట్టినవాణ్ణి నేను. వాన రావడం వల్ల ఒక మనిషి పోతాడనే లెక్క నా బుర్రకి ఎక్కడానికి చాలాకాలం పట్టింది.

ఆ తర్వాత జరిగింది నాకు ఏడు శిఖరాలకన్నా ఎక్కువ గుర్తు. ఆయన స్నేహితులు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాళ్ళు, జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తా బ్యాచులవాళ్ళు, ఎక్కడెక్కడి ఉద్యోగాల్లోనో ఉన్నవాళ్ళు ఒక్కటయ్యారు. ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టారు. ఢిల్లీలో విదేశాంగ శాఖ వెంట పడ్డారు. రెండు దేశాల రాయబార కార్యాలయాలు కదిలాయి. అటు నుంచీ ఇటు నుంచీ హెలికాప్టర్లు వెతికాయి. ఏప్రిల్ 3న దొరికాడు. మరుసటి రోజు అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ చెప్పిన కబురుతో దేశమంతటికీ తెలిసింది. ఆ నెలాఖరుకి గాని ఆయన సొంతూరు చేరలేదు. ప్రభుత్వ లాంఛనాలతో అక్కడే అంత్యక్రియలు చేశారు.

మనలో ఎంతమందికి అలాంటి స్నేహితులున్నారు? నేను శుక్రవారం సాయంత్రం మాయమైతే సోమవారం స్టాండప్ మీటింగు దాకా ఎవరికీ తెలీదు. అప్పుడు కూడా "ఇవాళ లీవేమో" అనుకుంటారు.

ఆ ఏప్రిల్లో నేను ఊరికెళ్ళాను. టీవీలో వాళ్ళమ్మని చూపిస్తున్నారు. మా నాయన చూస్తూ చూస్తూ, "అంత సదువు సదివి ఆ కొండలెక్కేదెందుకురా? పెద్దామె ఇంట్లో ఎదురుచూస్తా ఉంటే" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాకెందుకో ఉక్రోషం వచ్చి, "నువ్వు ఆరు బోర్లెందుకేసినావ్ నాయనా?" అన్నాను.

అనకూడని మాటే. మా చేన్లో ఆరు బోర్లు వేశారు. ఐదు ఎండిపోయాయి. ఒకదాన్లో రెండేళ్ళు నీళ్ళొచ్చి ఆగిపోయాయి. ఎనిమిది వందల అడుగుల దాకా దించారు ఆఖరి దాన్ని. మా ప్రాంతంలో ఇలా బోర్ల మీద బోర్లు వేసి, శెనక్కాయ పంట మీద అప్పు తెచ్చి, ఆ అప్పుల కింద పోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళనెవరూ సాహసికులు అనరు. నాయన కోప్పడలేదు. "నీళ్ళు పడతాయనే గదా" అన్నాడు. కాసేపాగి, "ఆయప్పకూ ఏదో పడతాదనే ఉంటాది" అన్నాడు. అంతే. ఛానల్ మార్చాడు.

ఏ ట్రైనరూ అంత మర్యాదగా మాట్లాడగా నేను వినలేదు.

ఇప్పుడు అసలు నా వాదన. మస్తాన్ బాబు కొండలెక్కడం ఎలా మొదలుపెట్టాడో తెలుసా? 1985లో విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరాడు. సరిగ్గా ఆ ఏడే అదే స్కూల్లో చదివిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావు సైన్యం పంపిన ఎవరెస్ట్ యాత్రలో చనిపోయాడు. ఆ యాత్ర అయిదుగురు ఆఫీసర్లని పోగొట్టుకుని, శిఖరం ఎక్కకుండానే వెనక్కొచ్చింది. మన కార్పొరేట్ భాషలో చెప్పాలంటే పూర్తిగా ఫెయిలైన ప్రాజెక్టు. మరి స్కూలేం చేసింది? ఆయనకి విగ్రహం పెట్టింది. రోజూ ఆ విగ్రహం ముందు నుంచి నడిచిన పిల్లల్లో ఒకడు మస్తాన్ బాబు. ఎవరెస్ట్ మీద ఆలోచన అక్కడే పుట్టింది.

అంటే ఏంటి? గెలిచినవాడి ఫోటో చూసి కాదు. ఎక్కలేక, తిరిగి రాలేక పోయిన ఒక సీనియర్ని చూసి ఆ పిల్లాడు కొండెక్కాడు. చావు సంగతి చెప్తే జనం భయపడిపోతారు, మోటివేషన్ పోతుంది అనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. పదేళ్ళ పిల్లలు తట్టుకున్న నిజాన్ని, ఇఎంఐలు కట్టుకుంటున్న ముప్పై ఏళ్ళవాళ్ళు తట్టుకోలేరా?

మా వైపు పాత ఊళ్ళలో చాలాచోట్ల వీరగల్లు ఉంటుంది. హేమావతి నుంచి పాలించిన నొళంబుల కాలం నుంచి ఆ తర్వాత విజయనగరం దాకా నిలబెట్టిన రాళ్ళవి. ఆవుల మందని కాపాడుతూనో, ఊరి కోసం పోరాడుతూనో పోయినవాడికి పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు వాటి మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకు తిన్నాం గానీ ఎప్పుడూ సరిగ్గా చూళ్ళేదు. ఈ మధ్య చూశాను. మూడు అంతస్తులుగా చెక్కిన రాయి. అన్నిటికన్నా పైన వాడు దేవుడి ముందున్నాడు. మధ్యలో అప్సరసలు తీసుకెళ్తున్నారు. అన్నిటికన్నా కింద, మన కళ్ళ ఎత్తులో, వాడు పోరాడి పడిపోతున్నాడు. కింది భాగం చెక్కకుండా పైది మాత్రం చెక్కిన రాయి నేనింతవరకూ చూళ్ళేదు. మన స్లైడు మాత్రం పై అంతస్తు ఒక్కటే చెక్కి నిలబెట్టింది.

ఇదేదో సెంటిమెంటు గొడవ అనుకోకండి. దీనివల్ల నష్టం ఉంది. మన ఐటీ వాళ్ళకి ట్రెక్కింగు ఇప్పుడు వారాంతపు సినిమా లాంటిది. బెంగుళూరులో శుక్రవారం రాత్రి బస్సెక్కితే శనివారం పొద్దున కొండ మీద ఫోటో. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో ఏం జరిగిందో గుర్తుందా? చెన్నై నుంచీ, ఈరోడ్, తిరుప్పూర్ల వైపు నుంచీ వెళ్ళిన ట్రెక్కింగ్ బృందాలు కొండ దిగుతుంటే అడవి మంటలు చుట్టుముట్టాయి. ఇరవై మందికి పైగా పోయారు. వాళ్ళలో మనలాంటి ఉద్యోగులు చాలామంది. అది ఆరువేల మీటర్ల కొండ కాదు, మంచు లేదు. ఎండాకాలం, ఎండుగడ్డి, గాలి. మార్చిలో మా పెనుకొండ కొండ మీదైనా, గుత్తి కోట మీదైనా గడ్డి అలాగే ఉంటుంది.

నేనూ గుంపులతో వెళ్ళినవాణ్ణే. ఒక్కసారి కూడా "ఎన్నింటికి దిగుతాం, దిగకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి" అని బయల్దేరేముందు ఎవరూ చెప్పగా వినలేదు. ప్రొడక్షన్లో చిన్న స్క్రిప్టు పెట్టాలన్నా రోల్‌బ్యాక్ ప్లాన్ ఏదని నలుగురు అడుగుతారు. కొండెక్కేటప్పుడు మాత్రం మన దగ్గరున్న ప్లానల్లా "హద్దులు మీరు పెట్టుకున్నవే". కొన్ని హద్దులు మనం పెట్టుకున్నవి కావండీ. గాలి పెట్టినవి కొన్ని, మంచు పెట్టినవి కొన్ని. ఆ సంగతి మస్తాన్ బాబుకి ఆ ట్రైనరుకన్నా వెయ్యి రెట్లు బాగా తెలుసు, తెలిసే వెళ్ళాడు. తెలిసి వెళ్ళడానికీ, స్లైడు చూసి వెళ్ళడానికీ చాలా తేడా ఉంది.

ఆయన ఒంటరిగా వెళ్ళడం తప్పా అని నన్నడిగితే, నేనైతే వెళ్ళను. నా మటుకు నాకు అది నచ్చదు కూడా. కానీ ఏళ్ళ తరబడి కొండల్లో బతికిన మనిషి లెక్కని ఏసీ గదిలో కూర్చుని తప్పుపట్టేంత వాణ్ణి కాదు. "పొగరుతో పోయాడు" అని అప్పట్లో కొందరు రాశారు. అవి చదివితే ఒళ్ళు మండింది. ఇప్పుడీ స్లైడు చూసినా అంతే మండింది. వాళ్ళు చావునొక్కదాన్నే మిగిల్చి మనిషిని తీసేశారు. వీళ్ళు మనిషిని ఉంచి చావుని తీసేశారు.

ట్రైనర్ గారికి మెయిల్ రాశాను. స్లైడు తీసెయ్యమని కాదు, కింద రెండు లైన్లు కలపమని. "1985లో ఎవరెస్ట్ మీద పోయిన తన స్కూలు సీనియర్ విగ్రహం చూసి మొదలుపెట్టాడు. 2015 మార్చిలో ట్రెస్ క్రూసెస్ మీద చనిపోయాడు, స్నేహితులు వెతికించి ఇంటికి తెచ్చుకున్నారు." నాలుగు రోజులకి జవాబొచ్చింది. సూచనకి ధన్యవాదాలట, మధ్యాహ్నం సెషన్లో ఎనర్జీ తగ్గుతుందేమో ఆలోచించి చెప్తారట.

వచ్చే బ్యాచ్ ఈ నెలాఖర్లో ఉంది. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి వెళ్తోంది. స్లైడులో ఏముందో చూసి చెప్పమన్నాను.