ఫొటోలను అటకెక్కించకండి

ఈ బ్లాగులో మామూలుగా నేను కొత్తగా నేర్చుకున్న మాటల గురించో, విభక్తులతో నా తిప్పల గురించో రాస్తాను. ఈసారి ఒక గొడవ గురించి రాస్తున్నాను.

యూనివర్సిటీలో నేను ఒక రీసెర్చ్ ప్రాజెక్టు చేస్తున్నాను. సైన్సులో ఫొటోలను ఎలా వాడతారు అన్నది విషయం. ఈ మాట చెప్పగానే మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: "ఫొటోలు తియ్యడం కూడా చదువేనా, అమ్మా?" తెలిసిన అంకుల్ ఒకాయన అయితే, "లెక్కలుంటేనే సైన్సు. ఫొటో రిపోర్టు అట్ట మీదకి బాగుంటుంది" అని తేల్చేశారు. క్లాసులో ఇదే మాట ఇంగ్లీషులో విన్నాను. ఇద్దరికీ నా జవాబు ఒకటే, అది తెలుగులోనే చెప్తాను.

ముందు రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుందాం: అలంకారం, ఆధారం. చెవికి దగ్గరగా ఉన్నా అర్థాలు చాలా దూరం. అంకుల్ ఫొటోని అలంకారం అంటున్నారు. నేను ఆధారం అంటున్నాను.

కెనడాలో రాకీ పర్వతాలకి మ్యాపులు ఎలా గీశారో చూడండి. అక్కడ వేసవి చాలా చిన్నది. కొండ మీద నిలబడి అంతా కొలిచి గీసేలోపు మంచు వచ్చేస్తుంది. అందుకని సర్వేయర్ జనరల్ ఎడ్వార్డ్ గాస్టన్ దెవిల్ కెమెరాని నమ్ముకున్నారు. 1886 నుంచి సర్వేయర్లు గాజు పలకలు మోసుకుంటూ శిఖరాలు ఎక్కి, చుట్టూ ఫొటోలు తీశారు. ఒకే శిఖరం రెండు వేరే చోట్ల నుంచి తీసిన ఫొటోల్లో కనిపిస్తే, ఆ రెండు కోణాలను బట్టి అది ఎక్కడుందో, ఎంత ఎత్తుందో లెక్కకట్టొచ్చు. ఆ లెక్కలు చలికాలంలో ఆఫీసులో కూర్చుని చేసేవాళ్ళు. అంకుల్‌గారికి లెక్కలు కావాలి కదా, ఇవిగో, ఫొటోలోనే ఉన్నాయి.

1915లో బ్రిడ్జ్‌లాండ్ అనే సర్వేయర్ జాస్పర్ పార్కులో ఇలాగే 735 ఫొటోలు తీశారు. మ్యాపు తయారయ్యాక ఆ పలకల పని అయిపోయిందనుకోవచ్చు. కానీ 1990ల చివర్లో అల్బర్టా యూనివర్సిటీలో జెనీన్ రెమ్‌తుల్లా అనే విద్యార్థిని, ఎరిక్ హిగ్స్ అనే ప్రొఫెసర్ ఆ ఫొటోలు పట్టుకుని మళ్ళీ అవే కొండలు ఎక్కారు. బ్రిడ్జ్‌లాండ్ కెమెరా పెట్టిన చోటే వెతికి పట్టుకుని, అదే దృశ్యం మళ్ళీ తీశారు. చదువుకుంటున్న ఒక అమ్మాయి మాస్టర్స్ పని అది!

ఏం తేలింది? 1915లో పచ్చిక బయళ్ళు, పొదలు, లేత చెట్లు, పలచటి అడవి కలగలిసి ఉన్న లోయలో చాలా చోట్ల ముదురు అడవి దట్టంగా కమ్ముకుంది. పార్కులో మంటల్ని దశాబ్దాల పాటు ఆర్పుతూ రావడం దీనికి ఒక పెద్ద కారణం. ఈ ఫలితం 2002లో అచ్చయింది. 2024 జూలైలో జాస్పర్ ఊరిమీద మంట పడి 358 కట్టడాలు కాలిపోయాయి. అంటే ఊరిలో దాదాపు మూడో వంతు. ఫొటోలు ఆ మంటని ముందే చెప్పాయని నేను అనను. ఎండ, గాలి, పురుగు పట్టి ఎండిపోయిన చెట్లు, అన్నీ కలిశాయి. కానీ అడవి ఎలా మారిందో చెప్పే ఆధారం ఊరివాళ్ళకి ప్రాణావసరం. దాన్ని "అట్ట మీద బొమ్మ" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకో రకం వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. వీళ్ళు "ఫొటో అబద్ధం చెప్పదు" అంటారు. వాట్సాప్‌లో హిమానీనదం ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి, అప్పుడు, ఇప్పుడు అని పంపిస్తారు. ఏ నెలలో తీశారు? ఎక్కడ నిలబడి తీశారు? ఈ రెండూ తెలియకపోతే ఆ జంట ఫొటోలు దేనికీ సాక్ష్యం కావు. మేరీ వాక్స్, ఆమె అన్నదమ్ములు 1887లో ఇల్లిసిల్లివెట్ హిమానీనదం ఫొటోలు తీశారు. 1894లో తిరిగి వచ్చి చూస్తే మంచు వెనక్కి జరిగింది. వాళ్ళు అక్కడితో ఆగలేదు. తర్వాత ఏళ్ళలో గుర్తులు పెట్టి కొలిచారు. అందుకే వాళ్ళ ఫొటోలు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

1915 నాటి జాస్పర్‌ని చూసి "అదే అసలైన ప్రకృతి, చెయ్యి పడని అడవి" అనడం కూడా తప్పే. ఆ లోయలో 1889లో పెద్ద మంట వచ్చింది. 1915 ఫొటోల్లో కనిపించే ఖాళీల్లో కొన్ని దాని గుర్తులు. అంతకుముందు అక్కడ బతికిన ఆదివాసీలు కావాలనే పచ్చిక కాల్చేవాళ్ళు. మేటీ కుటుంబాలను 1910 నాటికి పార్కు నుంచి పంపించేశారు. బ్రిడ్జ్‌లాండ్ కెమెరా వచ్చేసరికి వాళ్ళ ఇళ్ళలో మనుషులు లేరు. ఫొటోలో మనిషి లేడంటే ఎప్పుడూ లేడని కాదు. ఎవరు లేరో, ఎందుకు లేరో కూడా అడగాలి.

కాబట్టి ఫొటో కొలత కూడా, సాక్షి కూడా. సాక్షిని బోనులో నిలబెట్టి ప్రశ్నలు అడుగుతాం. అడక్కుండా నమ్మేస్తే ఎంత తప్పో, అడక్కుండా బయటికి పంపేస్తే అంతే తప్పు. కెనడా పర్వతాల గాజు పలకలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిని ఎవరో పారెయ్యకుండా దాచారు కాబట్టే ఇవాళ మనకి ప్రశ్నలు అడిగే వీలుంది.

ఇది చదివే మీలో చాలామంది ఇళ్ళలో ఒక పాత ఆల్బం ఉంటుంది. గోదావరి గట్టో, ఊరి చెరువో, ఇప్పుడు లేని మామిడి తోటో అందులో ఉండొచ్చు. ఈ ఆదివారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి మూడే మూడు ప్రశ్నలు అడగండి: ఏ ఊరు? ఏ సంవత్సరం? ఎటువైపు నిలబడి తీశారు? జవాబులు తెలుగులో రాసి ఫొటోతో పాటు దాచండి. మీ తెలుగుకి అభ్యాసం అవుతుంది. ఆ చెరువు ఎంత ఉండేదో రేపు ఎవరైనా కొలవాలంటే, వాళ్ళకి ఆధారమూ దొరుకుతుంది.