గేటు బయట నిలిచిన మనిషి

2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక ఇంటికి భోజనం పార్సిల్ అందించడానికి వెళ్లిన 23 ఏళ్ల యువకుడు, ఆ ఇంటి పెంపుడు కుక్క మీదికి రాగా ప్రాణభయంతో మూడో అంతస్తు నుంచి పడి, నిమ్స్ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ మరణించాడు. అతను చేసిన నేరమేమీ లేదు. తలుపు తట్టాడు, అంతే.

మన చిప్పగిరి, ఆలూరు పల్లెల్లోనూ పార్సిళ్లు, గ్యాస్ బండలు, పాలు ఇంటింటికీ చేర్చి హలాల్ సంపాదనతో బతికే బిడ్డలున్నారు. వారి క్షేమానికి మార్గం మన ధర్మంలోనే ఉంది. అనుమతి పొంది, సలాం చెప్పనిదే పరుల ఇళ్లలో ప్రవేశించరాదని దివ్య ఖుర్ఆన్ (నూర్ సూరా, 27వ ఆయతు) ఆదేశిస్తోంది. మూడుసార్లు అనుమతి కోరినా లభించకుంటే తిరిగి వెళ్లాలని దైవప్రవక్త (స) బోధించారు. ఈ మర్యాదే ఒక రక్షణ కవచం. గేటు బయటే ఆగి పిలవండి, ఫోన్ చేయండి. "కుక్కను కట్టేశారా?" అని అడిగాకే అడుగు లోపల పెట్టండి.

కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు. పరుగు దానిని మరింత రెచ్చగొడుతుంది. కళ్లలోకి చూడకుండా, సంచినో బండినో అడ్డుపెట్టుకుని మెల్లగా వెనక్కి జరగండి. కింద పడితే ముడుచుకుని ముఖాన్ని, మెడను చేతులతో కాపాడుకోండి. కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట సేపు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయరాదు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, వైద్యులు చెప్పిన టీకాలన్నీ పూర్తిగా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

ఇక ఇంటివారి సంగతి. మందలు, పంటల కాపలాకు కుక్కను ఉంచుకోవడానికి ఇస్లాం అనుమతించింది. దప్పిగొన్న కుక్కకు నీళ్లు తాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని హదీసు తెలుపుతోంది. కనుక ఆ మూగజీవిని ద్వేషించనక్కరలేదు. అయితే దానివల్ల పరులకు హాని కలగకుండా చూడవలసిన బాధ్యత యజమానిదే. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కూడా ఇటువంటి నిర్లక్ష్యానికి ఆరు నెలల వరకు జైలు శిక్షను నిర్దేశించింది. పార్సిల్ వస్తుందని తెలిసిన రోజున కుక్కను గొలుసుతో కట్టడానికి పట్టేది ఒక్క నిమిషమే.

మన కోసం ఎండలో తిరిగే మనిషిని క్షేమంగా తిరిగి పంపడం అతనికి మన మీదున్న హక్కు. ఆ హక్కును నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.