శామీర్‌పేట చెరువుకు ఒకే ప్రణాళిక కావాలి

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కలెక్టర్ గారికి,

శామీర్‌పేట పెద్దచెరువు చుట్టూ రిసార్టులు, ధాబాలు, జవహర్ జింకల పార్కు నగర జనాన్ని రప్పిస్తున్నాయి. వాటన్నిటికీ అసలు పెట్టుబడి ఆ నీరే. సందర్శకుల డబ్బు వ్యాపారుల దగ్గరే ఆగి, చెత్తా మురుగూ చెరువు పాలైతే, నష్టపోయేది చేపల వేటతో బతికే కుటుంబాలు. ఈ నష్టాన్ని ఆపాల్సిన బాధ్యతా ఒకరి చేతిలో లేదు: పులికాట్ సరస్సు ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య చీలినట్టే, మన చెరువు నీటిపారుదల, మత్స్య, పర్యాటక, రెవెన్యూ శాఖల మధ్య చీలిపోయింది. అందరి బాధ్యత అయినది ఎవరి బాధ్యతా కాకుండా పోకూడదు.

చెరువు చుట్టూ వ్యాపారాలపై ఆంక్షలు పెడితే ఉపాధి పోతుందని కొందరంటారు. ఉపాధి ముఖ్యమే, కాదనను. కానీ మురుగు చేరాక శుద్ధి ఎంత భారమో హుస్సేన్‌సాగర్ చెబుతోంది: దశాబ్దాలుగా ప్రజాధనం ఖర్చవుతూనే ఉంది. ముందే కాపాడుకోవడం చవక. ఆ కాపాడే ఖర్చుకు సందర్శకుల నుంచి రుసుము తీసుకుంటే సామాన్యుడికి భారమన్న మాటా నిజమే. అందుకే కట్ట మీద నడిచేవారిని వదిలి, రిసార్టుల నుంచి వసూలు చేయండి. అందులో ఒక వాటా మత్స్యకార సహకార సంఘానికి, మరో వాటా పారిశుద్ధ్యానికి చట్టబద్ధంగా కేటాయించండి. పూర్తిస్థాయి నీటిమట్టం వెంబడి హద్దురాళ్లు పాతించి, 2017 చిత్తడి నేలల నిబంధనల స్ఫూర్తితో అన్ని శాఖలకూ కలిపి ఒకే ప్రణాళిక ప్రకటించండి. చెరువు బతికితేనే పర్యాటకం బతుకుతుంది.

ఇట్లు,
ఒక పౌరుడు