కౌన్సెలింగ్ అంటే సీటు పంచడమేనా?



కౌన్సెలింగ్ అనే మాటకి అసలు అర్థం ఒక మనిషి ఇంకో మనిషి పక్కన కూర్చుని, కష్టం విని, దారి చెప్పడం. మన రెండు రాష్ట్రాల్లో ఏ తండ్రినైనా అడగండి ఆ మాటకి అర్థం ఏమిటని. ర్యాంకు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్లు, సీటు అలాట్‌మెంటు కాగితం. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చింది, రాష్ట్రం రెండైంది, ఆ అర్థం మాత్రం చెక్కు చెదరలేదు. సీటు చేతిలో పడితే కౌన్సెలింగ్ అయిపోయినట్టే! పిల్లాడికి నిజంగా కౌన్సెలింగ్ కావలసింది ఆ మర్నాటి నుంచి కదా, అప్పుడు ఎవరున్నారు?

జిదాఫ్స్‌లో గదికి ఆరుగురు, ఎనిమిదిమంది ఉండేవాళ్ళం ఇది ఎందుకు మాట్లాడాలి అని కొందరు మిత్రులు అనవచ్చు. జీతాల బకాయిలు, పాస్‌పోర్టులు, వీసా మోసాలు ఉండగా కాలేజీ గొడవ మనకెందుకు అని. అయ్యా, మనం ఇక్కడ ఉన్నదే ఆ కాలేజీ కోసం. ఒక దినారు రెండున్నర డాలర్ల పైమాటే అని ఊళ్ళో అందరికీ తెలుసు, నెలకి ఎన్ని దినార్లు చేతికొస్తాయో మాత్రం ఎవరూ అడగరు. ఆ వచ్చిన నాలుగు దినార్లలో హాస్టలు, బస్సు, పుస్తకాలు, రీయింబర్స్‌మెంట్ పోను మిగిలిన ఫీజు. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఎండలో నిలబడ్డ సొమ్ము మొదటి ఏడాది తొమ్మిది నెలల్లో బూడిదలో పోసిన పన్నీరవుతుంటే అది రాజకీయం కాక మరేమిటి?

మా పక్క గదిలో ఒక అన్న ఉన్నాడు, తాపీ పని. కొడుకు ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఊరికి మొదటి ఇంజనీరు కావలసినవాడు. మొదటి సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు పోయాయి. రెండో సెమిస్టర్‌లో క్లాసుకి వెళ్ళడానికి సిగ్గు, హాజరు తగ్గింది, డిటైన్ అయ్యాడు. ఇంట్లో చెప్పడానికి భయపడి హాస్టల్లోనే ఉండిపోయాడు. అన్న ఇంకో ఏడాది డబ్బు పంపుతూనే ఉన్నాడు, సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు గాని సంగతి బయటపడలేదు. మరి ఈలోగా కాలేజీ నుంచి అన్న ఫోనుకి మెసేజీలే రాలేదా? వచ్చాయి, చాలానే వచ్చాయి. అన్నీ ఫీజు బకాయి గురించే!

ఈ కథ చెబితే మన వాళ్ళే అనే మాట ఒకటుంది: "తండ్రి దగ్గర లేడు, పిల్లాడు చెడిపోయాడు." వాడు చెడిపోలేదు. మాథ్స్-1, ఫిజిక్స్, సి ప్రోగ్రామింగ్ మూడూ ఒక్కసారే ఇంగ్లీషులో మీదపడితే మునిగిపోయాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చేశారు. మంచిదో చెడ్డదో వేరే చర్చ, నాకు ఇంగ్లీషు మీద కోపం లేదు. మీడియం మార్చడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. పన్నెండేళ్ళు తెలుగులో చదివిన పిల్లని ఆ గట్టు దాటించే మనిషి కూడా అంతే తేలిగ్గా ప్రతి కాలేజీకి వచ్చాడా?

నిబంధన లేదా అంటే, ఉంది! హైదరాబాద్ జేఎన్టీయూ ఆర్-18 నిబంధనలు తీసి చూడండి. ప్రతి 20 మంది విద్యార్థులకి ఒక ఫ్యాకల్టీ అడ్వైజరో కౌన్సెలరో ఉండాలని, కోర్సు గురించి, సబ్జెక్టుల ఎంపిక గురించి పిల్లల శక్తినిబట్టి సలహా చెప్పాలని అందులో రాసి ఉంది. అదే పుస్తకంలో హాజరు 75 శాతం ఉండాలని, తగిన కారణం చూపితే 65 దాకా మన్నిస్తారని, మొదటి ఏడాది క్రెడిట్లలో సగమైనా రాకపోతే రెండో ఏడాదికి పంపరని కూడా రాసి ఉంది. పిల్లాడిని ఆపే నిబంధన తు.చ. తప్పకుండా అమలవుతుంది. వాణ్ణి ఆదుకునే నిబంధన రిజిస్టర్లో నిద్రపోతుంది. 2017లో నాక్ తెచ్చిన పద్ధతిలో ఒక్కో మెంటర్‌కి ఎంతమంది విద్యార్థులు అన్నదానికి కూడా లెక్క చూశారు కాబట్టి, తనిఖీ వస్తుందంటే రాత్రికి రాత్రి మెంటర్ల జాబితాలు పుట్టుకొచ్చే కాలేజీలున్నాయి. ఆ జాబితాలో తన పేరున్నట్టు పిల్లాడికీ తెలియదు, తన కింద ఇరవై మంది ఉన్నట్టు ఆ లెక్చరర్‌కీ గుర్తుండదు. లెక్చరర్‌ని మాత్రం ఏమనగలం? అరకొర జీతం, అడ్మిషన్లు పట్టుకురమ్మని వేసవిలో ఊళ్ళు తిప్పడం. వాళ్ళూ మనలాంటి కూలీలే, కాకపోతే చొక్కా నలగదు.

పోనీ తండ్రే ఫోను చేసి కనుక్కోవచ్చు కదా అంటారు. ఎప్పుడు చెయ్యాలి? బహ్రెయిన్‌లో 2007 నుంచి జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పని నిషేధం, 2025లో దాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పెంచారు. ఇక్కడ 12 అంటే అక్కడ రెండున్నర. అంటే అడ్మిషన్ల రోజుల్లో కాలేజీ ఆఫీసు మూసేలోపు మనకి ఓ రెండు గంటలు దొరుకుతాయి. డబ్బు కట్టే వేళకి అందరూ ఫోనెత్తుతారు కూడా. మొదటి మిడ్ పరీక్షల మార్కులు వచ్చేసరికి ఎండ తగ్గుతుంది, నిషేధం పోతుంది, మనం సైటు నుంచి గదికి చేరేటప్పటికి అక్కడ రాత్రి ఎనిమిది దాటుతుంది. పిల్లాడు జారిపోవడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

ఇక ఈ దేశం సంగతి చూడండి. మనకి ఇక్కడి కాలేజీల్లో పిల్లల్ని చదివించే స్తోమత లేదు, కుటుంబాన్ని తెచ్చుకునే జీతమే లేదు, కాబట్టి పొగడ్తలకి పోను. కానీ 2008లో పెట్టిన బహ్రెయిన్ పాలిటెక్నిక్ జిదాఫ్స్‌కి పెద్ద దూరమేమీ కాదు, ఈసా టౌన్‌లో ఉంది. నేరుగా డిగ్రీ మొదలుపెట్టలేని పిల్లలకి అక్కడ ముందు ఫౌండేషన్ కోర్సు పెట్టారు. ఇక్కడి విద్యా నాణ్యత సంస్థ వాళ్ళు యూనివర్సిటీ కోర్సుల్ని తనిఖీ చేసేటప్పుడు కొత్త విద్యార్థులకి పరిచయ కార్యక్రమం ఉందా, వెనకబడుతున్నవాళ్ళని ముందే గుర్తిస్తున్నారా అని చూస్తారు, చూసింది నివేదిక రాసి అందరికీ కనపడేలా పెడతారు. నూనె డబ్బున్న దేశం కదా అంటారా? పేర్ల జాబితా గోడకి అతికించడానికి నూనె బావి అక్కర్లేదు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, 100 మంది పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, పరీక్షల సమయంలోనూ, ఒక చదువు నుంచి ఇంకో చదువుకి మారే దశలోనూ చిన్న చిన్న బృందాలకి మెంటర్లని కేటాయించాలని ఆదేశించింది. ఇంటర్ నుంచి ఇంజనీరింగ్‌కి రావడం కంటే పెద్ద మార్పు ఏముంది? మన గడ్డ మీద జరిగిన చావు మీద వచ్చిన తీర్పిది. అమలు చేయించవలసిన మొదటివాళ్ళు మన ప్రభుత్వాలే.

వాళ్ళు చెయ్యాలంటే మనం అడగాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది, సంతోషం. చస్తే ఎంత ఇస్తారని అడిగినవాళ్ళం, బతికుండగా పిల్లల చదువు నిలబెట్టమని ఎందుకు అడగం? మనామాలో సభ పెడితే మంత్రులకి శాలువాలు కప్పుతాం, ర్యాంకు వచ్చిన పిల్లలకి మెమెంటోలు ఇస్తాం. ఆ హాల్లో వెనక వరుసలో కూర్చున్న డిటైన్ అయిన పిల్లాడి తండ్రి చప్పట్లు కొట్టి గదికి వెళ్ళిపోతాడు. మన సంఘాల నాయకులకి ఈ మాట కష్టంగా ఉంటే ఉండనివ్వండి.

ఫోరం తరఫున మనం పెట్టవలసిన కోర్కెలు పెద్దవి కావు. అలాట్‌మెంటు తర్వాత చేరిన రోజే అడ్వైజర్ పేరు, ఫోను నంబరు రాసిన కాగితం విద్యార్థికి, ఇంటికి ఇవ్వాలి. ఫీజు మెసేజి పంపే ఆ నంబరు నుంచే మొదటి మిడ్ మార్కులు, నెలనెలా హాజరు తెలుగులో రావాలి, విదేశీ నంబరుకైనా సరే. యూనివర్సిటీ ఏటా అఫిలియేషన్ తనిఖీకి వెళ్ళినప్పుడు రిజిస్టరు కాదు, మొదటి ఏడాది పిల్లల్ని పదిమందిని పిలిచి "మీ అడ్వైజర్ ఎవరు?" అని అడగాలి. ఎనిమిదిమంది తెల్లమొహం వేస్తే ఆ ఏడాది సీట్లు తగ్గించాలి. సీట్లు తగ్గుతాయంటేనే యాజమాన్యాలకి వినపడుతుంది.

ఈసారి పిల్లల్ని చేర్పించే సభ్యులంతా అడ్మిషన్ డబ్బు కట్టే ముందు ఆ ప్రశ్న ఆఫీసులో అడగండి. ఏం జవాబు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో కాలేజీ పేరుతో సహా ఫోరానికి రాసి పంపండి. మంత్రిగారు మళ్ళీ మనామాకి వచ్చినప్పుడు శాలువాతో పాటు ఆ జాబితా కూడా చేతిలో పెడదాం.